గర్జన లేని ఓపెత్

నిన్న రాత్రి పాత హార్డ్ డిస్కులో ఏదో వెతుకుతుంటే స్వీడన్ మెటల్ బ్యాండ్ ఓపెత్ 2011 ఆల్బమ్ ‘హెరిటేజ్’ కంటపడింది. విడుదలైన వారంలోనే విని, “వీళ్ల పని అయిపోయింది” అని తీర్పు చెప్పి పక్కన పడేసిన ఆల్బమ్ అది.

అప్పట్లో నా కోపానికి కారణం ఒక్కటే. బ్యాండ్ గాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ గర్జించలేదు! 2001 నాటి ‘బ్లాక్‌వాటర్ పార్క్’లో కడుపులోంచి తన్నుకొచ్చే ఆ గొంతు, దాని వెనకే ఉన్నట్టుండి మెత్తని అకూస్టిక్ గిటార్... ఆ ఎండావాన కోసమే నేను వీళ్లను వినేవాణ్ణి. ‘హెరిటేజ్’ మొదలయ్యేదే ఒంటరి పియానోతో. ఆ తర్వాతంతా డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ వాసన. విమర్శకుల్లో కొందరు సాహసమన్నారు, పాత అభిమానులు చాలామంది ద్రోహమన్నారు. రెండో జట్టులో ముందు వరుస నాదే. 2003 నాటి ‘డామ్‌నేషన్’లోనూ గర్జన లేదు కదా, దాన్నెందుకు నెత్తిన పెట్టుకున్నావని ఒక స్నేహితుడు అడిగితే మాట మార్చేశాను.

నిన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విన్నాను. ఆ పియానో స్వరాల మధ్య ఎంత ఖాళీ ఉందో అప్పట్లో నాకు వినబడనే లేదు. కొన్ని పాటలు మాత్రం ఎటు వెళ్లాలో తెలియక ఇప్పటికీ తడబడుతూనే ఉన్నాయి. ఆ మాట వెనక్కి తీసుకోను.

2024లో ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’తో గర్జన తిరిగొచ్చింది. నేనూ సంబరపడ్డాను. విచిత్రమేమిటంటే, అందులో నేను వెనక్కి తిప్పి మరీ వింటున్నది గర్జన ఆగిపోయే చోట్లనే. ఈ సంగతి ఆ స్నేహితుడికి ఇంకా చెప్పలేదు.