గుంటూరు పూత, హెబ్బాళ స్లైడు

కొండవీడు ఎక్స్‌ప్రెస్ నరసరావుపేట దాటాక ఎదురు బెర్తు పెద్దాయన అడగనే అడిగాడు. "ఏంది బాబూ ఆ సీసాలు?"

మిరప పూతలో పట్టిన తామర పురుగులండీ (థ్రిప్స్, రసం పీల్చే సన్న పురుగులు), పేరు తేల్చడానికి బెంగళూరు హెబ్బాళలోని ప్రయోగశాలకు తీసుకెళ్తున్నా అన్నాను.

"ఆ కొత్త నల్ల పురుగేనా? దాని దెబ్బకి మూడెకరాల తోట దున్నేశాం."

ఇక వినుకొండ వచ్చేదాకా అదే కబురు. ఏ మందు కొట్టినా పోలేదట, కొట్టినకొద్దీ పెరిగిందట. అది నిజమే. పూరేకుల మధ్య దూరిన పురుగుకి మందు సరిగా అందదు. పైగా మార్చి మార్చి కొట్టే మందులకు దాన్ని తినే మిత్ర పురుగులే ముందు చస్తాయి. గుడ్డు మొక్క కణజాలంలో ఉంటుంది, కోశస్థ దశ (ప్యూపా) మట్టిలో గడుస్తుంది, ఆ రెండింటికీ పైన కొట్టేది తగలదు. ఇవన్నీ ఆయనకు శాస్త్రం తెలియకపోయినా జేబు ద్వారా తెలుసు. రైల్లో 20 రూపాయల టీ, అదీ పంచదార నీళ్లు, ఆయనే ఇప్పించాడు.

ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు, దాన్ని కొత్త పురుగు అనడం. 2021 సీజనులో గుంటూరు, ప్రకాశం నుంచి ఖమ్మం, వరంగల్ దాకా మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగు శాస్త్రీయ నామం థ్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా సరుకు. కార్నీ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1922లోనే దాన్ని వర్ణించాడు. మన దేశంలో ఉందని 2015లోనే బెంగళూరు బొప్పాయి మీద చూసి అచ్చువేశారు. మన తోటకు కొత్తే కానీ శాస్త్రానికి పాతకాపు. పేరు ముందే ఉండటం వల్లే ఇది ఏ మొక్కల మీద బతుకుతుంది, ఎక్కడ దాక్కుంటుంది అన్నది మొదటినుంచీ వెతుక్కోవలసిన పని తప్పింది. నిజంగా పేరులేని పురుగు దొరికితే ఎంత తతంగమో ఆ సీసాల్లో ఒకదానివల్ల తేలింది.

సీసాలు నింపింది ప్రత్తిపాడు వైపు ఒక తోటలో. డిసెంబరు పొద్దు, మంచు ఆరాక. తడి పూలు దులిపితే పురుగు పళ్లేనికి అతుక్కుని కాళ్లు తెగుతాయి. తెల్ల ప్లాస్టిక్ పళ్లెం మీద పూవును వేలితో రెండుసార్లు కొడితే చాలు, నల్లటి గీతల్లాంటివి పరిగెడతాయి. మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటాయి. వాటి మధ్య పసుపుపచ్చగా ఇంకా చిన్నవి కనబడితే పిల్లలనుకోకండి, మగవి కావచ్చు. ఈ జాతిలో మగది పసుపే. ముడుచుకున్న చిగురాకుల్లో దొరికే పచ్చనివి వేరు, అవి మన పాత పై ముడత తామర పురుగులు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అన్న లెక్క తోటలో ప్రతి కూలీకీ తెలుసు. నల్లది వచ్చాక ఆ లెక్క సరిపోలేదు, ఎందుకంటే దాని కాపురం ఎక్కువగా పూతలో.

సన్న బ్రష్షు కొనను ఆల్కహాలులో ముంచి తాకిస్తే పురుగు దానంతటదే అంటుకుంటుంది. వేళ్లతోనో పట్టకారుతోనో పట్టుకుంటే మీసాలు ఊడతాయి, మీసాలు లేని తామర పురుగుకు పేరు చెప్పడం దాదాపు అయ్యే పని కాదు. నీలి జిగురు అట్టల మీద పడ్డవాటిని పంపేవాళ్లున్నారు. అట్ట ఎన్ని పడ్డాయో చెబుతుంది, ఏవి పడ్డాయో చెప్పదు. జిగురు వదిలించేసరికి రెక్కలుండవు.

ప్రతి చోటికీ రెండు సీసాలు కావాలి. ఒకదాంట్లో 60 శాతం ఆల్కహాలు పది పాళ్లు, గ్లిజరిన్ ఒక పాలు, ఎసిటిక్ ఆమ్లం ఒక పాలు. ఇందులో చచ్చిన పురుగు బిగుసుకోదు, కాళ్లూ రెక్కలూ చాచుకుంటుంది. కానీ ఆమ్లం డీఎన్‌ఏను పాడుచేస్తుంది కాబట్టి రెండో సీసాలో 95 శాతం ఆల్కహాలు. చీటీ సీసా లోపలే ఉండాలి, పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. ద్రవం మూతదాకా నింపాలి. సగం సీసాలో గాలి బుడగ రైలు కుదుపుకి అటూ ఇటూ దొర్లి పురుగుల్ని చితక్కొడుతుంది.

గట్టు మీది గడ్డి పూతను కూడా దులిపించింది ఆ తోట కౌలుదారే. "మిరప లేనప్పుడు ఇయ్యి యాడుంటయ్యో చూడండి సార్" అన్నాడు. మంచి మాట. నేనెరిగిన చాలా సర్వేల్లో గట్టును వదిలేస్తారు.

బెంగళూరు యశ్వంతపూర్‌ స్టేషన్‌లో దిగగానే ఆటో అతను హెబ్బాళకు 350 అన్నాడు. మీటరు వేయమంటే నవ్వి పక్కకు తిరిగాడు. సిటీ బస్సులో నిలబడి, ఒళ్లో పెట్టుకోలేక భుజానికి వేలాడుతున్న సీసాల సంచీని జనం నుంచి కాపాడుకుంటూ మేఖ్రీ సర్కిల్ దాటేసరికి రాత్రి రైల్లో పడ్డ కుదుపులే నయమనిపించింది. గుంటూరు నుంచి లాం ఫారానికి (అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం) అమరావతి బస్సెక్కితే ఇడ్లీ అరిగేలోపు దిగుతాం. ఇక్కడ ఆకలి వేసినా ఇంకా సిగ్నల్ దగ్గరే ఉంటాం.

ప్రయోగశాలలో బల్ల దగ్గర కూర్చున్నాక మాత్రం విసుగు పోయింది. ముదురు రంగు పురుగుల పొట్టలో సన్న సూదితో చిన్న గాటు పెట్టి 5 శాతం సోడియం హైడ్రాక్సైడు చల్లటి ద్రావణంలో రాత్రంతా ఉంచుతారు. లోపలి కండ కరిగి పెంకు మిగులుతుంది. లేత రంగువాటికి కొన్ని గంటలే, ఎక్కువైతే రంగు పూర్తిగా పోతుంది. అందుకే ఒకట్రెండింటిని కరిగించకుండా అలాగే స్లైడు చేస్తారు, రంగుకు సాక్ష్యంగా. తరువాత నీళ్లు తీసేయడం. 70 శాతం ఆల్కహాలులో గంట, 80లో 20 నిమిషాలు, 95లో 10, శుద్ధ ఆల్కహాలులో రెండుసార్లు అయిదేసి నిమిషాలు, చివరికి లవంగ నూనెలో అరగంట. గది అంతా పంటినొప్పి మందు వాసన. తొందరపడి ఒక మెట్టు దాటేస్తే కెనడా బాల్సం (పురుగును స్లైడుకు అతికించే పారదర్శక జిగురు) పాల రంగుకి తిరుగుతుంది, ఆ స్లైడు పోయినట్టే.

13 మిల్లీమీటర్ల గుండ్రటి కవరుగ్లాసు మీద బాల్సం చుక్క, అందులో పురుగు వెల్లకిలా. సూదితో మీసాలు నిటారుగా, రెక్కలు పక్కలకు, కాళ్లు బయటికి. తలకిందులుగా పట్టుకున్న స్లైడును మెల్లగా దించి, అంటుకోగానే తిప్పేయాలి. 35 నుంచి 40 డిగ్రీల వేడిలో కొన్ని వారాలు ఆరాలి. పూర్తిగా ఆరినవంటే నేను చూసినవి పాత స్లైడులే, నా సీసాల్లోవాటి స్లైడులు ఇంకా మెత్తగానే ఉన్నాయి, వాటినే జాగ్రత్తగా మైక్రోస్కోపు కింద చూశాం.

పూతలోవాటి సంగతి వెంటనే తేలిపోయింది. మీసానికి ఏడు ఖండాలు, ముందు రెక్క ముదురు రంగు, మొదలు మాత్రం లేత. రెక్క మొదటి ఈనె మీద వెంట్రుకల వరుస ఎక్కడా తెగలేదు. పొట్ట ఎనిమిదో పై పలక అంచున దువ్వెన పళ్లలాంటి వరుస నడుమ లేదు. పార్విస్పైనసే.

గట్టు గడ్డి సీసాలోది అలా లొంగలేదు. ప్రజాతి (జీనస్) దాకా తేలింది, జాతి దగ్గర కీ, అంటే లక్షణాలు ఒక్కొక్కటే పోల్చి పేరు తేల్చే పట్టిక, ఆగిపోయింది. నడినెత్తి మీది సరళ నేత్రాల (చిన్న ఒంటి కళ్ల) మధ్యనుండే మూడో జత వెంట్రుకలు ఉండాల్సిన చోట లేవు, పొట్ట అడుగు పలకల మీది గ్రంథి మచ్చలు ఏ వర్ణనకూ కలవలేదు. కొత్త జాతి కావచ్చు. అయినా ఎవరూ దానికి పేరు పెట్టరు, పెట్టకూడదు. కారణం, ఉన్నది ఒక్కటే, అదీ మగది. తామర పురుగుల గుర్తింపు పట్టికలు ఎక్కువగా ఆడవాటి మీద ఆధారపడి రాసినవి. మగవి ఫలదీకరణ లేని గుడ్ల నుంచి పుడతాయి, చిన్నవి, చిన్నదాంట్లో వెంట్రుకల సంఖ్య, ఖండాల కొలతలు మారిపోతుంటాయి. పది ఆడవి పక్కన పెట్టి కొలిచేదాకా, కనబడిన తేడా జాతిదో, ఆ ఒక్క పురుగుదో చెప్పలేం.

ఆడవి దొరికాయనుకోండి. వాటిలో బాగా పరచిన ఒకదాన్ని హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనాగా ఎంచాలి, దానికి తోడుగా ఉంచే మిగతావి పారాటైపులు. తల, వక్షం, మీసంలోని ఒక్కో ఖండం, ముఖ్యమైన ఒక్కో వెంట్రుక మైక్రాన్లలో కొలవాలి. దగ్గరి జాతుల అసలు టైపు స్లైడులతో పోల్చాలి, అవి ఏ లండన్‌లోనో ఉంటే రప్పించుకోవడమో ఫొటోలు తెప్పించుకోవడమో తప్పదు. నా అంచనాలో ఏళ్లు గడిచేది ఇక్కడే. సుమారు 658 బేసుల సీఓఐ బార్‌కోడు (జాతిని గుర్తించడానికి వాడే డీఎన్‌ఏ ముక్క) తోడుంటే మగదీ ఆడదీ ఒకే జాతివని చూపడం తేలికవుతుంది, కానీ కోడు ఒక్కదానితో వర్ణన నిలబడదు. నెట్‌లో మాత్రమే అచ్చయ్యే వ్యాసమైతే జూబ్యాంక్‌లో (జంతువుల శాస్త్రీయ నామాల నమోదు పట్టిక) నమోదు తప్పనిసరి, హోలోటైప్ ఏ సంస్థలో ఉందో రాయాలి. మన 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి నమూనాలను గుర్తింపు పొందిన భాండాగారంలో అప్పగించాలి కూడా.

ఆ మగదానికి ప్రస్తుతానికి ఒక నంబరు, కుడివైపు చీటీలో గడ్డి, ఊరు, తేదీ, పట్టినవారి పేరు. ఎడమవైపు చీటీలో ప్రజాతి పేరు ఒక్కటే రాసి వదిలేశారు. ఆడవాటి కోసం మళ్లీ ప్రత్తిపాడు గట్టుకే పోవాలి, అదీ గడ్డి పూత మీదున్నప్పుడే, కలుపు మందు పడకముందే. కౌలుదారుకి ఫోన్ చేస్తే కోత కూలీలు దొరక్క తల పట్టుకుని ఉన్నాడు. గట్టు మీద మందు కొట్టొద్దని అడిగాను. "కాయ దిగేదాకా ఆగుతా, ఆ తర్వాత ఆగలేను సార్" అన్నాడు.