డాబా మీద మిరప: రెండో ఏడాది లెక్క

గుంటూరులో పుట్టి, మిర్చి యార్డు వైపు నుంచి వచ్చే ఘాటుకి తుమ్ముతూ పెరిగినవాణ్ణి. నలభై ఆరేళ్ళొచ్చినా ఒక్క మిరప మొక్కని కాయదాకా తీసుకురాలేదంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. 2023లో పెట్టిన ఆరు కుండీలూ డిసెంబరులో మిచాంగ్ తుపాను గాలికి దొర్లిపోయాయి. అడిగినవాళ్ళందరికీ తుపాను పేరే చెప్పాను. నిజానికి అప్పటికే నాలుగు మొక్కలు ఆకు ముడతొచ్చి గిడసబారి ఉన్నాయి. గాలి రాకపోయినా కాసేవి కావు.

2024 ఆగస్టు రెండో వారంలో మళ్ళీ మొదలుపెట్టాను. విత్తనం మా గుంటూరు పక్కనున్న లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) రకం, ఎల్‌సీఏ 334. పాతిక కాగితం టీ కప్పులు, అడుగున చిల్లు, మట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమానంగా. తొమ్మిదో రోజుకి ఇరవై మొలకలు. ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపేశాను, కాయలు కోసినంత సంబరంగా.

ఆగస్టు ఆఖర్న పట్టిన వాన సంగతి తెలిసిందే. బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. మా చెల్లెలు వాళ్ళు సింగ్‌నగర్‌లో మూడు రోజులు మేడమీదే ఉండిపోయారు. ఆ టెన్షన్‌లో కప్పులు ఎవరికి గుర్తుంటాయి? వాళ్ళు క్షేమంగా బయటపడ్డాక డాబా ఎక్కి చూస్తే మొలకలన్నీ మొదట్లో నల్లబడి, దారం తెగినట్టు వాలిపోయి ఉన్నాయి. నారుకుళ్ళు. నీళ్ళు నిలిస్తే వచ్చేదే. వానకి ముందు నేను రెండు పూటలా పోసిన నీళ్ళకీ అందులో వాటా ఉంది.

ఈ ఏడాదికి వదిలేద్దామనుకున్నాను. వారం పైనే ఖాళీ కప్పులు అలాగే పడున్నాయి. మా కింది వాటాలో ఉండే పిన్నిగారు ఇరవై ఏళ్ళు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసిన మనిషి. బట్టలారేయడానికి పైకొచ్చి కప్పులు చూశారు.

"ఏందబ్బాయ్, గింజలు అయిపోయినాయా?"

"లేదు పిన్నిగారూ, ఇంకా ఉన్నాయి."

"మరింకేంది?" అని బట్టలు ఆరేసుకుని దిగిపోయారు. ఆ సాయంత్రమే మళ్ళీ విత్తాను. తేదీ గోడ మీద బొగ్గుతో రాసుకున్నా, సెప్టెంబరు 12.

ఈసారి కప్పుల పైన షేడ్‌నెట్ కట్టాను. నీళ్ళు పొద్దున ఒక్కపూటే, అదీ వేలు పెట్టి చూసి పైమట్టి ఆరితేనే. నలభై రోజులకి తొమ్మిది గట్టి మొక్కలు తేలాయి. తొమ్మిదింటినీ పద్నాలుగు అంగుళాల గ్రోబ్యాగుల్లోకి మార్చాను. సాయంత్రం పూట మారిస్తే వడలవు.

డిసెంబరు మధ్యలో మళ్ళీ ముడత. నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే, ఎక్కువ పరువు పోయింది కూడా ఇక్కడే. ముడత అనగానే రసం పీల్చే తామర పురుగే (త్రిప్స్) అనుకుని నీలం జిగురు అట్టలు తెచ్చి వేలాడదీశాను. రెండు వారాలు గడిచినా అట్టల మీద దోమలు తప్ప చెప్పుకోదగ్గదేదీ లేదు, ముడత మాత్రం పెరుగుతోంది. అప్పుడు గానీ ఆకు తిప్పి చూడాలని తోచలేదు. ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడుచుకుంటే తామర పురుగు. కిందికి వంగి, బోర్లించిన పడవలా ఉండి, ఆకు కాడ సాగితే నల్లి (మైట్). నాది కింది ముడత. నల్లి ఎగరదు, అట్టకి ఎందుకు అంటుకుంటుంది? నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టాను, వారం తర్వాత మరోసారి. ఒక జాగ్రత్త: వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టకూడదు, ఆకు మాడుతుంది. ఎండలో కూడా వద్దు. ఇది డబ్బా మీద చదివి తెలుసుకున్నదే. చదవకుండా కొట్టి ఒక మొక్క మాడ్చుకున్నాక చదివాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున పది నిమిషాలు, కాఫీ కంటే ముందు, మొక్కకి రెండేసి ఆకులు తిప్పి చూడటం అలవాటైంది. ఏ మందూ కొట్టని రోజులే ఎక్కువ.

ఫిబ్రవరి నుంచి మార్చి ఆఖరుదాకా నాలుగు కోతలు. చెట్టు మీదే పూర్తిగా ఎర్రబడ్డాకే కోశాను. పచ్చితనం ఉన్నవి కోస్తే రంగు తేలక తెల్లబారి తాలు అవుతాయి. డాబా మీద పరదా పట్టా పరిచి ఎండబెట్టి, మంచు పడకుండా సాయంత్రం కప్పేవాణ్ణి. కాయ ఊపితే గింజ గలగలమనేదాకా, దాదాపు పది రోజులు.

పిన్నిగారికి చూపించడానికి చిన్న గోనెసంచిలో పోశాను. ఎర్రనివి పైన, తెల్లబారిన తాలు కాయలు అడుగున. కావాలనే. ఆవిడ పైన చూడనేలేదు. చెయ్యి నేరుగా అడుక్కి పోనిచ్చి గుప్పెడు తీసి, నా మొహం వైపు చూసి నవ్వారు. "యార్డులో టిక్కీని, అదే మిరపకాయల బస్తాని, ఇట్టనే చూస్తారు అబ్బాయ్" అని, అక్కడే కూర్చుని తాలు వేరు చేయడం మొదలుపెట్టారు. నేనూ కూర్చున్నాను. ఇద్దరం గంట సేపు ఏరాం.

తాలు తీసేస్తే తేలింది 610 గ్రాములు. ఖర్చు బ్యాగులు, మట్టి, నెట్, మందులు అన్నీ కలిపి 2,140 రూపాయలు. ఆ డబ్బుకి యార్డులో పది కిలోలకు పైనే వచ్చేవి. మా ఆవిడ ఈ లెక్క వంటింటి క్యాలెండర్ మీద రాసి పెట్టింది, చెరపనివ్వట్లేదు.

ఆరో బ్యాగు మొక్కకి మాత్రం ముడత అంటలేదు. ఎల్‌సీఏ 334 హైబ్రిడ్ కాదు కాబట్టి దాని గింజలు మళ్ళీ వాడుకోవచ్చు. ఎనిమిది కాయల గింజలు బూడిదలో కలిపి గుడ్డ మూట కట్టాను. ఈసారి జులై ఆఖర్నే విత్తాలి, షేడ్‌నెట్ ముందే కట్టాలి. పిన్నిగారు కూడా నాలుగు గింజలు అడిగి పట్టుకెళ్ళారు.