గేటు తరువాతే డ్రెయిన్

మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్‌ను పరీక్షిస్తూ, దాని డ్రెయిన్ కాలికి కలిపిన ఛానల్ ఔట్‌పుట్ బటన్ నొక్కే ముందు ఈ రోజు కూడా ఆగి, కరెంటు పరిమితిని మరొకసారి చూశాను. బెంచీ మీద కీత్లీ 2602బీ ఉంది; అది వోల్టేజీ, కరెంటులను ఇస్తూనే కొలిచే రెండు ఛానళ్ల పరికరం. దాని ఏ ఛానల్‌ను మాస్‌ఫెట్ గేటుకు (డ్రెయిన్ కరెంటును అదుపు చేసే కాలికి), బీ ఛానల్‌ను డ్రెయిన్‌కు కలిపి, సోర్సు కాలిని రెండు ఛానళ్ల ఎల్‌ఓ (తక్కువ వోల్టేజీ వైపు) టెర్మినళ్లకు ఉమ్మడిగా చేర్చాను.

గేటు నుంచి స్థిరమైన కరెంటు దాదాపుగా ప్రవహించదు కనుక దాని పరిమితిని చాలా తక్కువగా ఉంచాను. గేటును మిగతా భాగం నుంచి వేరుచేసే ఆక్సైడ్ పొర దెబ్బతిన్నదంటే, డ్రెయిన్ వైపు ఏమీ జరగకముందే ఆ ఛానల్ పరిమితిని తాకి విషయం చెప్పేస్తుంది. అందుకే గేటు ముందు ఆన్ కావాలి.

నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మాత్రం ఆఫ్ స్థితి. ఔట్‌పుట్ ఆపినంత మాత్రాన తీగ తెగినట్టు కాదు. నార్మల్ అనే ఆఫ్ పద్ధతిలో ఆ ఛానల్ 0 వోల్టుల వద్ద నిలబడి, మనం మార్చకపోతే 1 మిల్లీఆంపియర్ వరకు కరెంటును లాగగలదు. గేటుకు ఇదే మేలు, ఎందుకంటే హై-జెడ్ అనే మరో ఆఫ్ పద్ధతిలో రిలే (లోపలి స్విచ్) తెరుచుకుంటే గేటు మీది ఛార్జి పోయే దారి లేక అక్కడే ఉండిపోతుంది. అదే బ్యాటరీని కలిపి ఉంటే నేను తప్పకుండా హై-జెడ్‌నే ఎంచుకుంటాను. లేకపోతే ఆపేశామనుకున్న పరికరం దాన్ని నెమ్మదిగా ఖాళీ చేస్తూనే ఉంటుంది.