పాడి మేకలు కొన్నాను: రక్తపరీక్ష అడిగినందుకు పడ్డ మాటలు

కొత్త మేకల్ని వేరుగా ఉంచి నిన్నటితో ముప్పై రోజులు నిండాయి. మూడు మేకలూ దూరపు పాకలోంచి మా పాత జీవాలున్న దొడ్డిలోకి వచ్చేశాయి. రెండోసారి తీయించిన రక్తపరీక్ష కూడా బాగానే వచ్చింది. మూడు నెలల టెన్షన్ దిగింది కాబట్టి ఈ రాత్రే కూర్చుని రాస్తున్నాను, పది రోజులు పోతే కోపం చల్లారి సగం మర్చిపోతాను.

మాది రాయలసీమలో మెట్ట ఊరు. మేకలు మాకు కొత్త కాదు, మా అత్తగారి కాలం నుంచీ నాటు మేకలున్నాయి. కానీ వాటి పాలు పిల్లలు తాగగా టీకి కూడా మిగలవు. పాల కోసమే నాలుగు మంచి జాతి మేకలు పెట్టాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాం. జమునాపారి కంటికి బాగుంటుంది కానీ అది ఉత్తరప్రదేశ్‌లో ఇటావా వైపు యమున, చంబల్ ఒడ్డు పొదల్లో తిరిగి మేసే జాతి, మేమేమో సగం రోజు కట్టేసి మేపాలి. అందుకని పంజాబ్ గురుదాస్‌పూర్, అమృత్‌సర్ వైపు జాతి అయిన బీటల్ అనుకున్నాం. ఇంతవరకు పెద్ద కష్టం లేదు.

మొదట వెళ్ళింది ఒక పెద్ద ఫారానికి. పేరు చెప్పను. వీడియోలు చూసే వెళ్ళాం. వీడియోలో ఆ ఫారం యజమాని ఒక్కో మేక నాలుగు లీటర్లు ఇస్తుంది అంటాడు. మంచి బీటల్ రోజుకు రెండు లీటర్ల చుట్టుపక్కల ఇస్తే సంతోషించాలి, నాలుగు అన్నవాడి మాట అక్కడే పక్కన పెట్టాలి. నేను పెట్టలేదు, వెళ్ళాను. అక్కడ పొదుగులు చూస్తే కుండల్లా ఉన్నాయి. ముందు రోజు పొద్దున్నుంచీ పితక్కుండా ఆపితే ఏ మేక పొదుగైనా అలాగే ఉంటుంది, ఇది మా అమ్మ చెప్పిన మాట. అందుకే సాయంత్రం నా ఎదురుగా చుక్క మిగలకుండా పితికించి, మేకపిల్లల్ని రాత్రికి వేరు చేయించి, తెల్లారి ఒకసారి, మళ్ళీ సాయంత్రం ఒకసారి కొలిచాను. నాలుగింటిలో మంచిది లీటరూ ఎనిమిది వందల మిల్లీలీటర్లు ఇచ్చింది. మిగతావి లీటరున్నర. నాకు అది చాలు. ఒక రాత్రి అక్కడ దగ్గర్లో లాడ్జిలో ఉండాల్సి వచ్చింది, ఆ ఖర్చు ఖర్చు కాదు.

పళ్ళు చూశాను. కింది పళ్ళే చూడాలి, మేకకు ముందువైపు పైపళ్ళు ఉండవు. రెండు పెద్ద పళ్ళుంటే ఏడాది దాటింది, నాలుగుంటే రెండేళ్ళ దగ్గర, ఎనిమిదీ వచ్చి నోరు కలిస్తే నాలుగేళ్ళ చుట్టుపక్కల. రెండో ఈత అని చెప్పిన ఒక మేకకు నోరు కలిసిపోయి పళ్ళు అరిగి ఉన్నాయి, దాన్ని మార్పించాను. కంటి కింది రెప్ప లాగి చూశాను, లోపల ఎర్రగా ఉంటే సరే, తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో పురుగులు రక్తం తాగుతున్నట్టే. పొదుగు పితికాక మెత్తగా వదులవ్వాలి, గట్టిగడ్డ చేతికి తగిలితే పొదుగువాపు వచ్చి పోయిందన్నమాట. మొదటి ధారలు నల్లటి గిన్నెలోకి పితికి ముక్కలు ఉన్నాయేమో చూశాను. ఇవన్నీ అతను నవ్వుతూనే చేయనిచ్చాడు. కిలోల లెక్కన ఇస్తానంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. పాడి మేకను కిలోల్లో కొనకూడదు, తూకానికి ముందు ఉప్పు నాకించి నీళ్ళు తాగిస్తారు. తలకు ఇరవై ఆరు వేలు మాట్లాడుకుని, తలకు ఐదు వేల లెక్కన ఇరవై వేలు అడ్వాన్స్ ఫోన్‌పే చేశాం. రక్తపరీక్ష సంగతి ముందే ఫోన్లో చెప్పాను. 'ఎన్ని టెస్టులైనా చేయించుకో అమ్మా, మన దగ్గర దాపరికం లేదు' అన్నాడు. ఆ మాట కాగితం మీద రాయించుకోలేదు. రాయించుకోవాల్సింది.

ఈ పరీక్ష మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. మా మేనమామ జీవాలు మేపేవాడు. ఒక ఏడు మందలో నాలుగైదు మేకలు నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి, ఆయన వట్టిచేతులతోనే మాయలు లాగి పారేశాడు. తర్వాత సాయంత్రమైతే జ్వరం, చెమటలు, నడుం నొప్పి. టైఫాయిడ్ అని మందులిచ్చారు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ఐదు నెలల తర్వాత ఒక పెద్ద డాక్టర్ 'మీ ఇంట్లో మేకలున్నాయా' అని అడిగాడు. అప్పుడు తేలింది బ్రూసెల్లోసిస్ అని, మన వైపు ఈసుడు రోగం అంటారు. ఆరు వారాలు రోజూ మాత్రలు మింగాడు. జ్వరం పోయింది కానీ నడుం మునుపటిలా లేదు. పాలు కాచి తాగితే పాల వల్ల ఈ రోగం రాదు, అది నిజమే. కానీ మేక ఈనేటప్పుడు చెయ్యి పెట్టేది నేను, మా కోడలు. మా ఇంట్లో మూడేళ్ళ పాప ఆ దొడ్డిలోనే ఆడుకుంటుంది.

అయితే మేము రక్తం తీయడానికి కాంపౌండర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళిన రోజు ఆదివారం. ఫారం నిండా జనం, పది మంది దాకా కొనేవాళ్ళు, ఒకబ్బాయి సెల్లు పట్టుకుని వీడియో తీస్తున్నాడు. సిరంజీ చూడగానే అతని ముఖం మారింది. 'ఇదేంది?' అన్నాడు. చెప్పాను కదన్నా ఫోన్లో అన్నాను. అందరికీ వినపడేలా, ఆ వీడియో వైపు తిరిగి, 'రక్తపరీక్షలు అడిగేవాళ్ళు మేకలు పెంచరమ్మా, కుక్కపిల్లల్ని పెంచుకుంటారు. పదిహేనేళ్ళుగా అమ్ముతున్నా, ఇంతవరకు ఒక్క మగోడు అడగలేదు' అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన తల వంచుకుని 'పోదాం పద' అన్నాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఏడుపొచ్చింది, కానీ అడుగు కదపలేదు. 'అన్నా, అడ్వాన్స్ తిరిగి ఇవ్వు, పోతాం' అన్నాను. అడ్వాన్స్ మాట రాగానే గొంతు తగ్గించి, 'తీసుకో తీసుకో, నీ మేకలే కదా' అన్నాడు. నాలుగింటికీ మెడ దగ్గర రక్తం తీశాం.

అక్కడితో అయిపోలేదు. ఆ రక్తం గొట్టాలు నేరుగా ఐసు మీద పెట్టి, గతుకుల రోడ్డు మీద బండిలో కుదుపుతూ తెచ్చాం. ల్యాబులో చూసి వెనక్కిచ్చారు. రక్తాన్ని కాసేపు కదపకుండా ఏటవాలుగా పెడితే గడ్డకట్టి పైన పసుపుపచ్చటి నీరు తేరుతుంది, పరీక్షకు అదే కావాలి. మావన్నీ ఎర్రటి నీళ్ళయ్యాయి. ఈ ముక్క ఆ కాంపౌండర్‌కు తెలియదా? ఐదు వందలు తీసుకున్నాడు. అంటే మళ్ళీ అదే గుమ్మానికి వెళ్ళాలి. రెండోసారి వెళ్తే ఎండలో నాలుగు గంటలు నిలబెట్టాడు, మంచినీళ్ళు ఇచ్చినవాడు లేడు. ఈసారి మా మండలం డాక్టర్ గారినే బతిమాలి తీసుకెళ్ళాను. ఆయన రక్తం తీసి, అక్కడే వేపచెట్టు కింద గడ్డకట్టేదాకా ఆగి, తేరిన నీరు వేరే గొట్టంలోకి తీసి, అప్పుడు ఐసు డబ్బాలో పెట్టారు. గొట్టం గొట్టానికీ చెవిపోగు మీదున్న పన్నెండంకెల నంబరు రాసి అంటించారు.

ల్యాబులో ఆ పరీక్ష నా కళ్ళతో చూశాను. తెల్లటి పలక మీద ఒక చుక్క మేక సీరమ్ (ఆ తేరిన నీరే), ఒక చుక్క గులాబీ రంగు మందు, పుల్లతో కలిపి నాలుగు నిమిషాలు మెల్లగా ఊపుతారు. మూడు చుక్కలు నున్నగా గులాబీ నీళ్ళలాగే ఉండిపోయాయి. నాలుగోది రెండో నిమిషంలోనే విరిగిన పాలలా పలుకులు పలుకులుగా అయిపోయింది. ఆ అమ్మాయి పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఏమీ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు. అది లీటరూ ఎనిమిది వందలు ఇచ్చిన మేక. ఈ ఒక్క పరీక్షతో ఖాయం చేయకూడదని, మిగిలిన సీరమ్‌తోనే ఎలైజా అనే ఇంకో పరీక్ష చేయించారు. పన్నెండు రోజులు పట్టింది, అదీ పాజిటివే.

ఫోన్ చేస్తే, 'ఆ రిపోర్టు నువ్వే పుట్టించావు, రేటు తగ్గించడానికి' అన్నాడు. తర్వాత మెత్తబడి ఆ మేక బదులు వేరేది ఇస్తానన్నాడు. నాకు అక్కడ ఏ మేకా వద్దు. ఒకే రొప్పంలో, ఒకే తొట్టిలో తాగిన మేకలు. రోగం కొత్తగా అంటితే రక్తంలో కనపడడానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి ఈ రోజు నున్నగా ఉన్న మూడు చుక్కలు వచ్చే నెలకు ఎలా ఉంటాయో ఎవరు చెప్పాలి? డబ్బే కావాలన్నాను. అప్పుడు రసీదు చూసుకో అన్నాడు. కింద రబ్బరు స్టాంపు: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.' ఇంకా కొననే లేదు, అడ్వాన్సే కదా అంటే వినడు. చివరికి వాళ్ళ ఊరి పెద్దమనిషి ఒకాయన చెప్పగా పన్నెండు వేలు ఇచ్చి, ఎనిమిది వేలు మేతకు పట్టుకున్నాడు. నాలుగు మేకలకు నలభై రోజులు, మేకకు రోజుకు యాభై. అడ్వాన్స్ ఇచ్చిన రోజు మేత మాటే లేదు. ఆ నలభై రోజులూ వాటి పాలు పితుక్కున్నది కూడా అతనే.

అందుకే చెప్తున్నాను, అడ్వాన్స్ ఇచ్చే ముందే తెల్లకాగితం మీద అన్నీ రాసుకోండి. చుట్టాలూ స్నేహితులూ అని మొహమాటపడకండి, మొహమాటం ఖరీదు మాకు ఎనిమిది వేలు. ఆ తర్వాత మేకలు కొన్న రెండో చోట నేను రాయించింది ఇది. ఒక్కో మేకకు చెవిపోగు నంబరు, రంగు, పళ్ళు, ఎన్నో ఈత, కొలిచిన పాలు. రక్తపరీక్ష ఖర్చు నాది, ఏ ఒక్కటి పాజిటివ్ వచ్చినా అడ్వాన్స్ మొత్తం వారంలోపు వాపసు. తోలుకెళ్ళేదాకా మేతా పాలూ అమ్మేవాళ్ళవి, అప్పటిదాకా చస్తే నష్టం వాళ్ళది, బండెక్కాక నాది. చూడి మేక అని చెప్పి ధర ఎక్కువ తీసుకుంటే స్కానింగ్ చూపించాలి, లేకపోతే ఒట్టి మేక ధరే. తెచ్చిన ముప్పై రోజులకు మళ్ళీ చేయించే పరీక్షలో తేడా వస్తే డబ్బు వాపసు, మేకకు మేక మార్పిడి కాదు. పీపీఆర్ (మేకల ప్లేగు), చిటుక రోగం టీకాలు ఏ తేదీన వేశారో కూడా. పీపీఆర్ ఒకసారి వేస్తే మూడేళ్ళు కాస్తుంది, చిటుక టీకా ఏటా పడాల్సిందే. 'అన్నీ వేశాం' అంటే సరిపోదు, తేదీ కావాలి.

ఆ రెండో చోటు చాలా చిన్నది. భార్యాభర్తలు, పద్నాలుగు మేకలు, వీడియోలు లేవు. కాగితం చూసి ఆయన భార్యకు ఇచ్చాడు, ఆమె వేలు పెట్టి ఒక్కో లైనూ చదివి, 'మా వాటికన్నిటికీ చేయించి పెట్టక్కా, మాకూ తెలుస్తుంది, ఈనిపించేది నేనే కదా' అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పద్నాలుగింటికీ తీయించాం, సగం ఖర్చు వాళ్ళే పెట్టుకున్నారు. అన్నీ నెగెటివ్. మూడే అమ్ముతామన్నారు, తలకు ఇరవై నాలుగు వేలు. బేరం ఆడలేదు.

తెచ్చుకోవడం తేలిక. డాక్టర్ గారి ఆరోగ్య ధ్రువపత్రం చేతిలో ఉండాలి, 1978 నాటి పశువుల రవాణా నియమాల్లోనే అది ఉంది, దారిలో ఒకచోట అడిగారు కూడా. రాత్రిపూట వరిగడ్డి పరిచి తెచ్చాం. ముప్పై రోజులు వేరే పాకలో, వేరే తొట్టి, ముందు పాతవాటి పని ముగించి ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి పోవడం. పెంటికలు పరీక్ష చేయించి పురుగుల మందు తాగించాం. అంతే. ఇప్పుడు మా చుట్టుపక్కల ఎవరు మేక కొనాలన్నా నన్ను పిలుచుకెళ్తున్నారు, మొన్న ఒక సంతలో పళ్ళు చూసి చెప్పిన వయసు తప్పని నిరూపించాను, గర్వంగానే ఉంది.

నిద్ర పట్టనిది ఒక్కదాని గురించే. ఆ నాలుగో మేక నల్లటిది, కుడి చెవి అంచు తెలుపు, పిలిస్తే తోక ఆడిస్తూ దగ్గరికి వచ్చి చెయ్యి నాకేది. 2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం ఇలాంటి రోగం ఉందని తెలిస్తే యజమాని పంచాయతీకి చెప్పాలి. అతను చెప్పి ఉంటాడని నేను నమ్మను. దాన్ని ఏ సంతకు తోలాడో, ఏ ఇంట్లో ఏ పాప చెయ్యి నాకుతోందో. రిపోర్టు నకలూ చెవిపోగు నంబరూ డాక్టర్ గారికి ఇచ్చాను, ఆయన అక్కడి డాక్టర్‌కు పంపారు. సోమవారం ఎనిమిది వేల కోసం మళ్ళీ వెళ్తున్నాం, వెళ్ళినప్పుడు ఆ మేక ఉందో లేదో కూడా చూసి వస్తాను.