తిరగేసిన ముక్క

2023 మార్చిలో నలుగురు కలిసి ప్రకటించిన 'హ్యాట్' (టోపీ) అనే ఒక ఆకారం గురించి చదివిన నాటి నుంచి, దానిని నా చేతులతో కత్తిరించి పేర్చి చూడాలన్న కోరిక నన్ను వదలలేదు. ఆ ఒక్క ఆకారపు పలకలతో ఎంత విశాలమైన నేలనైనా సందు లేకుండా పరచవచ్చునని, అయితే ఆ అమరికను మొత్తంగా ఎటు జరిపినా తిరిగి దానితో అది సరిగ్గా కలవదని వారు నిరూపించారు. 1966లో గణితజ్ఞుడు రాబర్ట్ బెర్జర్ ఇటువంటి అమరికకు 20,426 రకాల పలకలు వాడవలసి వచ్చింది. 1970లలో రోజర్ పెన్రోజ్ ఆ సంఖ్యను రెండుకు దించారు. ఒక్కటి చాలునా అన్నది ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు తేలలేదు. చివరకు ఆ ఆకారం ఇంగ్లండులోని ఈస్ట్ యార్క్‌షైర్‌లో ఉండే డేవిడ్ స్మిత్ అనే రిటైరైన ప్రింటింగ్ సాంకేతిక నిపుణుడికి, రకరకాల ఆకారాలను పేర్చి చూస్తుండగా దొరికింది. హైస్కూల్లో లెక్కలు చెప్పే నాకు ఈ కబురు ఎంత సంతోషం కలిగించిందో మాటల్లో చెప్పలేను.

ఇంట్లో పోగుపడిన మిఠాయి డబ్బాల అట్ట తీసుకున్నాను. దానికి ఒకవైపు ఎర్రరంగు, లోపలివైపు బూడిదరంగు. కంపాస్‌తో 4 సెంటీమీటర్ల భుజం గల షడ్భుజులు పక్కపక్కనే గీసి, ప్రతి కేంద్రాన్నీ ఆ షడ్భుజి భుజాల మధ్యబిందువులతో కలిపితే, ఒక్కొక్క దానిలో ఆరు గాలిపటాలు వచ్చాయి. ఒక్కో గాలిపటానికి రెండు భుజాలు 2 సెంటీమీటర్లు, మిగిలిన రెండూ సుమారు 3.46. పక్కపక్క షడ్భుజుల నుంచి ఎనిమిది గాలిపటాలను కలిపితే పదమూడు భుజాల ఆ 'హ్యాట్' వస్తుంది. మూలల దగ్గర కత్తెర వెంట్రుకవాసి తప్పినా పది ముక్కల తరువాత సందు పడేది. మొదటి ముక్కలన్నీ పక్కన పెట్టి, దళసరి అట్టతో ఒక అచ్చు చేసుకుని మళ్లీ మొదలుపెట్టాను.

ఎర్రవైపు పైకి ఉంచి ఎన్ని రకాలుగా తిప్పి పేర్చినా ఎక్కడో ఒకచోట ఏ ముక్కా పట్టని ఖాళీ మిగిలేది. మూడు సాయంత్రాలు అలాగే గడిచాయి. వ్యాసంలోని బొమ్మను మళ్లీ జాగ్రత్తగా చూసినప్పుడు నా పొరపాటు తెలిసింది. దాదాపు ప్రతి ఏడు ఎర్ర ముక్కలకు మరొకదానిని తిరగేసి పెట్టాలి. అలా చేయగానే ఎర్రటి పరుపు మధ్య అక్కడక్కడా బూడిద ముక్కలతో అమరిక పెరుగుతూ పోయింది.

గణితజ్ఞుల మధ్య వాదం వచ్చింది సరిగ్గా ఇక్కడే. తిరగేసిన పలక అదే పలక అవుతుందా? మేము తరగతిలో చెప్పే సర్వసమానత్వం ప్రకారం అవుతుంది, నా అభిప్రాయమూ అదే. కానీ నేలకు టైల్స్ వేసే మేస్త్రీ నునుపు వైపు కిందికి పెట్టి పరచలేడు కనుక, అవతలి పక్షం మాటలోనూ న్యాయముంది.

నిరూపణలో నాకు పూర్తిగా అందినది ఒక్క మెట్టే. అమరికను మొత్తంగా జరిపినప్పుడు అది తనతో తాను సరిగ్గా కలిసేటట్లయితే, సమబాహు త్రిభుజాల జాలకాన్ని (వాటి మూలబిందువుల వలను) √2 రెట్లు పెంచి, తిప్పి, అదే జాలకంలోని బిందువుల మీద కూర్చోబెట్టగలగాలి. ఆ జాలకంలో బిందువుల మధ్య దూరాల వర్గాలు a²+ab+b² రూపంలోనే ఉంటాయి (a, b పూర్ణ సంఖ్యలు). 1, 3, 4, 7, 9 వస్తాయి, 2 రాదు, కనుక √2 రెట్లు పెంచి కూర్చోబెట్టడం అసాధ్యం. కాగితం మీద ఈ లెక్క చేసి చూసుకున్న రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ నలుగురే 2023 మేలో తిరగేయనవసరం లేని 'స్పెక్టర్'ను ప్రకటించారు. దాని అంచులు వంపు తిరిగి ఉంటాయి కనుక కత్తిరించడం హ్యాట్ కంటే కష్టం. ఇప్పటికి నలభై ముక్కలు పేర్చాను. బూడిదవైపు ఒక్కటీ పైకి రాలేదు.