ఆకుల మీది తెల్ల గీతలు: నా అనుభవం

పర్లాకిమిడిలోని మా పెరట్లో టమాటా, బీర, నిమ్మ ఆకుల మీద ఈ శీతాకాలం తెల్లటి వంకర గీతలు కనిపించాయి. ఆకులు కోసి, తడి కాగితంలో చుట్టి, మా తమ్ముణ్ణి తోడు తీసుకుని వ్యవసాయ కార్యాలయానికి వెళ్లడం వరకు ఏ ఇబ్బందీ లేదు.

అక్కడి ఉద్యోగి పొట్లం విప్పకుండానే "ఇది వైరస్" అని తేల్చి చీటీ మీద మందు పేరు రాసేశారు. నిమ్మాకు మీది గీత టమాటా ఆకు మీది గీతలా లేదని నేనంటే, గదిలో ఉన్నవారందరికీ వినబడేలా, "గీతలు చూసుకుంటూ కూర్చుంటే కాయలు కాస్తాయా అమ్మా?" అని నవ్వారు. పదవీ విరమణ దాకా పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన నాకు, నన్ను నవ్వినందుకంటే, ఆ ఆకు వైపు ఒక్కసారైనా చూడనందుకు ఒళ్లు మండింది. చీటీ అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాను.

ఇంట్లో ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి భూతద్దంతో చూస్తే చాలా సంగతి తెలిసింది. టమాటా, బీర ఆకుల్లో సన్నగా మొదలై పురుగు పెరిగేకొద్దీ వెడల్పయ్యే సొరంగం ఉంది. దానిలో నల్లటి మలం ఒకసారి ఈ అంచున, మరోసారి ఆ అంచున పడింది. లోపలి పురుగుకు తలంటూ లేదు, నోటి దగ్గర నల్లటి కొక్కేలు మాత్రమే ఉన్నాయి. ఆకు పైన ఆడ ఈగ పొడిచిన తెల్ల చుక్కలు కూడా ఉన్నాయి కనుక అది లిరియోమైజా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఈగ పనే. నిమ్మలో మాత్రం మలం వెండిరంగు సొరంగం నడుమ ఒకే గీతగా సాగింది, ఆకు ముడుచుకుపోయింది. అది ఫిల్లోక్నిస్టిస్ అనే చిన్న రెక్కల పురుగు (చిమ్మట) పిల్ల, ఈగ కానే కాదు. బటాణీ ఆకుల్లో కోశం, అంటే పురుగు ఈగగా మారే గూడు, ఆకులోపలే కనిపిస్తే అది వేరే ఈగ. లిరియోమైజా పురుగు సాధారణంగా ఆకును చీల్చుకుని నేలలోకి దిగి కోశం కడుతుంది. ఇంతకు మించి ఏ లిరియోమైజా జాతి అనేది గీతలు చెప్పవు. అందుకు సాధారణంగా మగ ఈగ జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూడవలసి ఉంటుంది. గీత చూసి జాతుల పేర్లన్నీ చెప్పేవారిని నమ్మకండి.

పురుగున్న టమాటా ఆకుల్ని గాజు సీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి ఉంచాను. కొన్ని కోశాల నుంచి పసుపు, నలుపు కలిసిన చిన్న ఈగలు వచ్చాయి. కొన్ని ఆకుల నుంచి ఈగలకు బదులు మెరిసే బుల్లి కందిరీగలు వచ్చాయి. పురుగును తినేసి పెరిగేవి ఇవే. అదేపనిగా ఘాటైన మందులు కొడితే ముందు చచ్చేవి ఇవి, ఆ తర్వాత ఈగలు మరింత పెరుగుతాయి. నేను గీతలు ఎక్కువగా ఉన్న కింది ఆకుల్ని తుంచి కాల్చాను, వేపగింజల కషాయం చల్లాను. టమాటాలు బాగానే కాస్తున్నాయి.