కాంట్రాక్టర్ చేతికి మిగిలేది

పదేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశాక మొదటిసారి ఒక ఇల్లు మొత్తం కట్టే కాంట్రాక్టు ఒప్పుకున్నాను. అప్పటిదాకా నా లెక్క ఒకటే: బిల్లంతా కాంట్రాక్టర్‌కే వస్తుంది, మాకిచ్చింది పోను మిగతాదంతా ఆయనదే.

ఖర్చు 100 అయితే 120కి ఒప్పుకుని, 20 శాతం లాభం అనుకున్నాను. నిజానికి వచ్చే బిల్లులో అది 16.7 శాతమే. సూపర్‌వైజర్ జీతం, ఇన్సూరెన్స్, సామాన్ల అద్దె అన్నీ అందులోంచే. కొలత తప్పి పగలగొట్టి మళ్లీ కట్టిన గోడ కూడా (ఆ రాత్రి నిద్రపట్టలేదు). పైగా బిల్లులో 5 శాతం రిటెన్షన్ కింద, అంటే లోపాలు సరిచేస్తామన్న హామీగా, యజమాని దగ్గరే ఆగిపోయింది. సాధారణంగా ఇది 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది, లోపాలు సరిచేసే గడువు ముగిశాక గానీ మొత్తం చేతికి రాదు. కూలీలకు మాత్రం వారం తిరిగేసరికి ఇవ్వాల్సిందే. ఇవ్వాలి కూడా, వాళ్ల పొయ్యి వెలిగేది దానితోనే.

ఆ ఏడాది నాకంటే నా దగ్గర చేసిన ప్లంబరే ఎక్కువ సంపాదించాడు. అతని పనితనానికి అది న్యాయమే.

మరుసటి ఏడాది మూడు పనులు ఒకేసారి నడిచాయి. ఒక్క సూపర్‌వైజర్ జీతం మూడింటి మీద సర్దుకుంది. ఎలక్ట్రీషియన్‌గా ఉన్నప్పటి సంపాదన దాటింది అప్పుడే.